ఏపీ ఈఏపీసెట్ ర్యాంకు లెక్క ఇదీ.. మార్కులు ఎక్కువొచ్చినా ర్యాంకు ఎందుకు వెనక్కి వెళ్తుంది?

కె.గంగవరం: ఈఏపీసెట్ ఫలితాలు వచ్చాయంటే చాలు.. కోనసీమ ఊళ్లలో ఏ ఇంట్లో విన్నా ఒకటే ప్రశ్న. "పక్కింటి అబ్బాయి కన్నా మా అమ్మాయికి ఎనిమిది మార్కులు ఎక్కువే వచ్చాయి. ర్యాంకు మాత్రం వెనకెందుకు పోయింది?" కె.గంగవరం, కోటిపల్లి మొదలుకొని అమలాపురం, రాజోలు దాకా తల్లిదండ్రులను ఏటా తికమక పెట్టేది ఇదే. ఇంజినీరింగ్‌లో ఏ కాలేజీ, ఏ బ్రాంచ్, ఫీజు ఎంత అన్నవన్నీ ఆ ఒక్క అంకెతోనే ముడిపడి ఉంటాయి. ఇంతకీ ఆ ర్యాంకు ఎలా లెక్కిస్తారో ఒక్కో మెట్టుగా చూద్దాం.

పరీక్ష 160 మార్కులకు

ఇంజినీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలు, మూడు గంటల సమయం. గణితం 80, భౌతిక శాస్త్రం 40, రసాయన శాస్త్రం 40. ప్రశ్నకు ఒక మార్కు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. అందుకే ఒక్క ప్రశ్నను కూడా ఖాళీగా వదలొద్దని లెక్చరర్లు చెబుతుంటారు. అగ్రికల్చర్, ఫార్మసీ విభాగంలో గణితం స్థానంలో జీవశాస్త్రం 80 మార్కులకు ఉంటుంది.

ర్యాంకు రావాలంటే ఓసీ, బీసీ అభ్యర్థులకు కనీసం 25 శాతం, అంటే 160కి 40 మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కనీస మార్కుల నిబంధన లేదు.

మొదటి మెట్టు: నార్మలైజేషన్

పరీక్ష కంప్యూటర్‌పై చాలా రోజుల పాటు, పూటకో సెషన్ చొప్పున జరుగుతుంది. ప్రతి సెషన్‌కూ ప్రశ్నపత్రం వేరు. ఒకరికి కష్టంగా, ఇంకొకరికి తేలిగ్గా రావచ్చు. ఆ తేడాను సరిచేయడానికే నార్మలైజేషన్.

ఇందుకోసం ప్రతి సెషన్‌లో రెండు అంకెలు తీస్తారు. ఒకటి.. ఆ సెషన్ సగటు మార్కుకు ప్రామాణిక విచలనాన్ని కలిపితే వచ్చేది. ప్రామాణిక విచలనం అంటే మార్కులు సగటు నుంచి ఎంత అటూఇటూ చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. రెండోది.. ఆ సెషన్‌లో టాప్ 0.1 శాతం మంది సగటు మార్కు. ఇవే రెండు అంకెలను అన్ని సెషన్లనూ కలిపి కూడా తీస్తారు. సెషన్ అంకెలను మొత్తం అంకెలతో పోల్చి ప్రతి విద్యార్థి మార్కునూ సవరిస్తారు.

ఊహించుకున్న అంకెలతో చూస్తే సులువుగా అర్థమవుతుంది. అన్ని సెషన్లకూ కలిపి మొదటి అంకె 76, రెండోది 152 అనుకుందాం. కష్టంగా వచ్చిన సెషన్‌లో అవి 70, 150. తేలిగ్గా వచ్చిన సెషన్‌లో 80, 156. రెండు చోట్లా ఒక్కో విద్యార్థికి 90 మార్కులే వచ్చాయి.

కష్టమైన సెషన్ విద్యార్థి తన సెషన్ అంకె 70 కన్నా 20 పైన ఉన్నాడు. రెండు అంకెల మధ్య దూరం మొత్తం మీద 76 (152లోంచి 76 తీసేస్తే), ఆ సెషన్‌లో 80. 76ను 80తో భాగిస్తే 0.95. ఆ 20ని 0.95తో గుణిస్తే 19. దానికి 76 కలిపితే 95. తేలికైన సెషన్ విద్యార్థి తన సెషన్ అంకె 80 కన్నా 10 మాత్రమే పైన ఉన్నాడు. అక్కడ దూరం రెండింట్లోనూ 76 కాబట్టి 10 అలాగే ఉంటుంది. 76 కలిపితే 86. చేతికొచ్చిన మార్కులు ఇద్దరివీ 90.. లెక్కలోకి వెళ్లేవి మాత్రం 95, 86!

కాబట్టి కీ చూసి వేసుకున్న మార్కులను వేరే సెషన్‌లో రాసిన స్నేహితుడి మార్కులతో పోల్చుకుని లాభం లేదు.

రెండో మెట్టు: ఇంటర్ వెయిటేజీ

నార్మలైజ్ అయిన ఈఏపీసెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్‌లో గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం ప్రాధాన్యం ఇస్తారు. కరోనా కారణంగా 2021, 2022లో ఇంటర్ వెయిటేజీ పక్కన పెట్టి సెట్ మార్కులతోనే ర్యాంకులు ఇచ్చారు. 2023లో మళ్లీ 25 శాతం తెచ్చారు. ఇంగ్లిష్, రెండో భాష మార్కులు ఈ లెక్కలోకి రావు. ఇంటర్ టోటల్ 970 దాటినా ఇక్కడ చూసేది గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కులనే. గణితం రెండు పేపర్లుగా ఉన్న విధానంలో ప్రాక్టికల్స్‌తో కలిపి రెండేళ్లకు ఇవి 600 మార్కులు.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు జవాబు చూద్దాం. ఒక విద్యార్థికి సెట్‌లో నార్మలైజ్ అయ్యాక 100, ఇంటర్ గ్రూపులో 600కి 540. సెట్ వాటా 46.875, ఇంటర్ వాటా 22.5, మొత్తం 69.375. ఇంకో విద్యార్థికి సెట్‌లో 108, ఇంటర్‌లో 420. సెట్ వాటా 50.625, ఇంటర్ వాటా 17.5, మొత్తం 68.125. సెట్‌లో ఎనిమిది మార్కులు తక్కువొచ్చినా మొదటి విద్యార్థిదే ముందు ర్యాంకు.

ఈ లెక్కలో ఒక సెట్ మార్కు విలువ సుమారు 11 ఇంటర్ మార్కులతో సమానం. అంటే ఇంటర్‌లో రెండు మూడు మార్కులు పోయాయని కంగారు పడక్కర్లేదు. అలాగని వంద మార్కులు వదిలేసి సెట్‌లో చూసుకుందాంలే అనుకుంటే మాత్రం తొమ్మిది సెట్ మార్కులు కోల్పోయినట్టే.

మార్కులు సమానమైతే?

ఇద్దరికీ సమానంగా వస్తే ఎవరు ముందో తేల్చడానికి గణితం, ఫిజిక్స్ మార్కులను కూడా చూస్తారు. వేల మంది దగ్గర దగ్గర మార్కులతో ఉండే మధ్య శ్రేణిలో ఒక్క మార్కు తేడాకే ర్యాంకు చాలా దూరం జరుగుతుంది.

సీబీఎస్‌ఈ వంటి ఇతర బోర్డుల్లో చదివినవారు తమ మార్కులను డిక్లరేషన్‌తో పాటు పంపాలి. పంపకపోతే సెట్ బాగా రాసినా ర్యాంకు రాదు. ఇంటర్‌లో ఏదైనా సబ్జెక్టు పోతే, సప్లిమెంటరీలో పాసై మార్కులు చేరాకే ర్యాంకు.

జేఈఈ మెయిన్‌తో పోల్చొద్దు

జేఈఈ మెయిన్‌లో లెక్క వేరు. అక్కడ సెషన్‌లో మీతో సమానంగా, మీకన్నా తక్కువగా మార్కులు వచ్చినవారు ఎంత శాతమో అదే మీ పర్సంటైల్. 2017 నుంచి ఇంటర్ వెయిటేజీ కూడా లేదు. అందుకే జేఈఈలో ముందున్నవారు ఈఏపీసెట్‌లో వెనకుండటం, లేదా అటుదిటు కావడం వింతేమీ కాదు.

ర్యాంకు వచ్చింది.. సీటు వస్తుందా?

ర్యాంకు రాష్ట్రం మొత్తానికి ఒకటే. సీటు మాత్రం స్థానికత, కేటగిరీ, బాలికల కోటా చూసి ఇస్తారు. కోనసీమ విద్యార్థులు ఆంధ్రా యూనివర్సిటీ స్థానిక పరిధిలోకి వస్తారు. ఆ పరిధి కాలేజీల్లో 85 శాతం కన్వీనర్ సీట్లు స్థానికులవే. బీసీలకు 29, ఎస్సీలకు 15, ఎస్టీలకు 6 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు సీట్లు అమ్మాయిలవి.

కాలేజీ ఎలాంటిదో తెలుసుకోవడానికి చాలామంది చూసేది 'లాస్ట్ ర్యాంకు'. గతేడాది ఆ బ్రాంచ్‌లో, ఆ కేటగిరీలో చివరి సీటు ఎవరికి వచ్చిందో చెప్పే అంకె అది. ఓసీ అబ్బాయి లాస్ట్ ర్యాంకు చూసి బీసీ అమ్మాయి ఆశ వదులుకోవడం పొరపాటు. తన కేటగిరీ, తన కోటా వరుసలోనే చూసుకోవాలి. సీట్లు మిగిలిపోయిన కాలేజీలో ఆ అంకె పోటీని చెప్పదు. ఎవరు చేరారో మాత్రమే చెబుతుంది.

వెబ్ ఆప్షన్లలోనూ జాగ్రత్త అవసరం. ముందు ర్యాంకు వారి నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరి ఆప్షన్లను వారు పెట్టిన వరుసలోనే చూసి, మొదట దొరికిన సీటు కేటాయిస్తారు. రాదేమో అనిపించే మంచి కాలేజీని పైన పెడితే పోయేదేం లేదు. కింద పెడితే, పైన ఉన్న సీటు ముందే వచ్చి దాని వంతే రాదు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఫీజు రీయింబర్స్‌మెంట్‌పై ఆశ పెట్టుకున్న కుటుంబాలు చేరాల్సింది కన్వీనర్ కోటాలోనే. "ఈ ర్యాంకుకు ఎక్కడా రాదు, ఇప్పుడే అడ్వాన్స్ కట్టేయండి" అని ఎవరైనా తొందరపెడితే, కౌన్సెలింగ్ తుది విడత అయ్యేదాకా ఆగి చూడటం మేలు.