చెట్టు పట్టాదారుది, ఆకు ఎవరిది?

పొలంగట్ల మీది చెట్ల గురించి రాసేవాళ్ళు రెండు రకాలు. కొందరు కలప లెక్కలు రాస్తారు. కొందరు పల్లె పచ్చదనం గురించి రాస్తారు. ఇద్దరి రాతల్లోనూ చెట్టు ఉంటుంది, రైతు ఉంటాడు. చెట్టెక్కి మండలు కొట్టిన మనిషి ఉండడు. మేము ఈ చరిత్రను ఆ మనిషి వైపు నుంచి చూస్తున్నాం.

తెలంగాణ, రాయలసీమ మెట్టపొలాల్లో ఒకే రకం చెట్టు ఎప్పుడూ లేదు. నల్లతుమ్మ, తెల్లతుమ్మ, జమ్మి, వేప, దిరిసెన, చండ్ర ఉన్నాయి. గట్ల వెంట రేగు, పరికి, బలుసు పొదలు. బావుల దగ్గర అవిసె, మునగ. అనంతపురం వైపు ఏపి. దీన్ని ప్రకృతి వైవిధ్యం అని చెప్పి ఊరుకుంటే సగం చరిత్ర పోతుంది. తుమ్మను చాలాచోట్ల ఎవరూ నాటలేదు. మేకలు తిన్న కాయల గింజలు పెంటికలతో పాటు పొలంలో పడి మొలిచాయి. మొలిచిన దాన్ని నాగలికి తగలకుండా తప్పించింది దున్నిన జీతగాడే. ఆ వైవిధ్యం వెనక మేకలు కాసినోళ్ళ, అరక దున్నినోళ్ళ చేతులున్నాయి.

ఇన్ని రకాలు ఎందుకంటే ఒక్కటీ ఏడాదంతా మేపదు కాబట్టి. రేగు చలికాలంలో పండుతుంది. ఎండలకు గడ్డి మాడిపోయాక జమ్మి కొత్తగా చిగురిస్తుంది, తుమ్మకాయ రాలుతుంది. దసరా నాడు జమ్మిని పూజించేది ఊరు. ఎండకాలం జమ్మి మండల మీద మేకల్ని బతికించుకునేది వాడ. మేక ముట్టని చెట్టుకూ పనుంది. తంగేడును మేకలు పెద్దగా తినవు. దాని పట్టతో మాదిగలు లందలో తోళ్ళు ఊనారు. తుమ్మపట్ట కూడా ఆ పనికే. ఏ చెట్టు మేతకు, ఏది తోలుకు, ఏది కంచెకు అన్నది తరతరాలుగా చేతుల్లో నడిచిన శాస్త్రం. కులం దాన్ని శాస్త్రమని ఒప్పుకోలేదు.

భూమి పట్టా ఒకరిది. రాలిన కాయ, కొట్టిన మండ మాత్రం వాడుక ప్రకారం వాడకు దక్కేవి. ఊరికే దక్కలేదు. చేలో మంద కడితే ఎరువు ఆసామికి. కల్లంలో, కొట్టంలో పిలిచినప్పుడల్లా పని. అయినా దాన్ని హక్కు అనలేదు, దయ అన్నారు. కూలి పెంచమని అడిగితే మొదట మూతపడేది గట్టే. సాంఘిక బహిష్కరణ పెట్టినప్పుడు మనుషులతో పాటు మేకల నోళ్ళూ కట్టేస్తారు.

1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో అనుమతి లేని మేతను నేరం చేసింది. పల్నాడులో మేత పన్ను పుల్లరిని ఎదిరించిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. ఆ పోరాటం మన పుస్తకాల్లోకి వచ్చింది, రావాల్సిందే. కానీ గట్టు మీది ఆకు కోసం వాడ చేసిన వెట్టి కూడా పుల్లరే. దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు.

తర్వాత చెట్లు పెంచే పథకాలొచ్చాయి. అప్పటికే 19వ శతాబ్దంలో విదేశీ తుమ్మను తెచ్చి నాటారు. మేక దాని కాయ తింటుంది, ఆకు తినదు. జనం దానికి సర్కారు తుమ్మ అని పేరు పెట్టారు. ఎవరు తెచ్చారో ఆ పేరే చెబుతుంది. 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ సామాజిక అడవుల పెంపకాన్ని సిఫారసు చేసింది. 1980లలో ఆ పేరుతో పొలాల్లోకి ఎక్కువగా వచ్చింది యూకలిప్టస్. దాని ఆకును గొడ్డూ ముట్టదు, మేకా ముట్టదు. సుబాబుల్ ఆకు మేతకు పనికొస్తుంది గానీ, అదొక్కటే మేపితే అందులోని మైమోసిన్ వల్ల పశువుల వెంట్రుకలు రాలతాయి. కోస్తాలో అది కాగితం మిల్లుల పంటైంది. మిల్లుకు కావాల్సింది కర్ర. మేక అక్కడ దొంగ.

2014లో భారతదేశం జాతీయ వ్యవసాయ అటవీ విధానం ప్రకటించింది. పొలంలో పెంచిన చెట్లను నరకడానికి, తరలించడానికి అనుమతులు సులభం చేయాలన్నది అందులో ఒక ముఖ్యాంశం. పట్టా ఉన్నవాడికి అది మేలే. 2019 పశుగణన ప్రకారం దేశంలో మేకలు 14.88 కోట్లు. వాటిని మేపేవాళ్ళలో సెంటు భూమి లేనివాళ్ళెందరో ఉన్నారు. చెట్టు అమ్ముకునే స్వేచ్ఛ ఒకరికి వస్తే, మండ కొట్టుకునే వాడుక ఇంకొకరికి పోతుంది. దాని గురించి మాట్లాడకుండా వైవిధ్యం గురించి మాట్లాడితే అది సగం మాటే.

దారి లేక కాదు. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి దళిత మహిళల సంఘాలు బీడు భూముల్ని సాగులోకి తెచ్చాయి, ఒకే చేలో పలు పంటలు వేశాయి, ఊరి బీళ్ళలో రకరకాల చెట్లు పెంచాయి. భూమి మీద మాట చెల్లినచోట వైవిధ్యం దానంతటదే చర్చకొచ్చింది.

విద్యార్థులు, టీచర్లు, కార్యకర్తలు తమ ఊళ్ళో చేయాల్సిన పనొకటుంది. గట్ల మీద ఏ చెట్లున్నాయో రాయండి. పక్కనే ఆకు ఎవరు కొడుతున్నారు, ఎవరి అనుమతితో, బదులుగా ఏ పని చేసి అన్నది కూడా రాయండి. అసైన్డు భూముల్లో, చెరువు గట్ల మీద మేతచెట్లు నాటమని అడిగేటప్పుడు ఆకు మీద, కాయ మీద హక్కును కాగితం మీద రాయించుకోండి. నోటిమాట వాడుకను ఎంత సులువుగా లాక్కుంటారో వాడకు తెలుసు.