తిరిగిరాని విమానం

యుద్ధమనగానే మనకి సేనాపతుల పేర్లే గుర్తొస్తాయి. ఇవాళ మీకు 21 ఏళ్ళ కుర్రవాడి సంగతి చెబుతాను. పేరు జాన్ హాప్‌గుడ్. ఇంగ్లండు వాడు, బ్రిటిష్ వైమానికదళంలో పైలటు.

1943 మే 16వ తేదీ రాత్రి, పిండారబోసినట్టున్న వెన్నెలలో 19 లాంకాస్టర్ విమానాలు జర్మనీ మీదికి బయలుదేరాయి. ఒక్కొక్కదానిలో ఏడుగురు. రూర్ లోయలోని ఫ్యాక్టరీలకు నీరందించే ఆనకట్టలను పగలగొట్టాలి. అందుకు వాడిన బాంబు మామూలుది కాదు. చెరువులో పిల్లలు పెంకు విసిరితే నీటిమీద ఎగురుకుంటూ పోతుంది, చూశారూ? అచ్చం అలాగే ఇదీ, నీళ్ళలో కట్టిన వలలను దాటుకుంటూ వెళ్ళి, ఆనకట్టకు తగిలి, అడుగుకి దిగి పేలుతుంది. దానికోసం విమానం నీటికి 60 అడుగుల ఎత్తున, అంటే ఓ తాటిచెట్టంత ఎత్తున ఎగరాలి. ఎదురుగా ఫిరంగులు!

మోనే ఆనకట్ట మీదికి రెండోవాడుగా వెళ్ళాడు హాప్‌గుడ్. దారిలోనే విమానానికి దెబ్బ తగిలింది, అతనికీ గాయమైంది. అయినా వెనక్కి తిరగలేదు. ఆనకట్ట దగ్గర మంటలంటుకున్నాయి. వేసిన బాంబు గోడ దాటి అవతలి విద్యుత్ కేంద్రం మీద పడింది. అప్పుడతను చేసిన పని ఒక్కటే. తనవాళ్ళు పారాచూట్లతో దూకేందుకు వీలుగా విమానాన్ని చేతనైనంత పైకి లేపాడు. ముగ్గురు దూకారు, ఇద్దరు బతికారు. అతను దూకలేదు.

ఆ రాత్రి 8 విమానాలు తిరిగిరాలేదు. 56 ఇళ్ళకు తంతులు వెళ్ళాయి. తంతి అంటే గుండె దడదడలాడడం మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి కొత్తేమీ కాదు. వాటిలో మూడిళ్ళకు మాత్రం తర్వాత మంచి కబురందింది, మనిషి బతికే ఉన్నాడు, ఖైదులో ఉన్నాడని. మిగతా 53 మందీ పోయినట్టే. ఆ దాడికి 34 మందికి పతకాలిచ్చారు. హాప్‌గుడ్‌కి మాత్రం ఆ రాత్రికి ఏ పతకమూ లేదు. పోయినవారికి ఇవ్వగలిగిన శౌర్యపతకం విక్టోరియా క్రాస్ ఒక్కటే నట అప్పటి నిబంధన. ఇదేం లెక్కో నాకు బోధపడదు.

చివరికి ఆనకట్ట తెగింది. ఇక్కడిదాకా చెప్పి ఊరుకుంటే సగం కథే చెప్పినట్టు. ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయి? దిగువన నైహైమ్ ఊళ్ళో ముళ్ళకంచె మధ్య ఒక శిబిరముండేది. ఉక్రెయిన్ నుంచీ, పోలండు నుంచీ జర్మన్లు బలవంతాన పట్టుకొచ్చి ఫ్యాక్టరీల్లో చాకిరీ చేయించుకుంటున్న ఆడపిల్లలు అందులో నిద్రపోతున్నారు. వరదలో మొత్తం 1,300 మందికి పైగా పోతే, వారిలో సగానికి పైగా పరాయిదేశాల వారే. ఆ పిల్లల తల్లులకి తంతి ఎవరిస్తారు చెప్పండి?

ఆనకట్టల మీద ఇలాంటి దాడులు కూడదని 1977లో జెనీవా ఒప్పందానికి ఒక షరతు చేర్చారు. హాప్‌గుడ్ సమాధి జర్మనీలోనే, రైన్‌బెర్గ్ యుద్ధ శ్మశానంలో ఉంది.