ముక్కు బరువు, తోక బరువు: మోడల్ విమానాల తూకం చరిత్ర

మోడల్ విమానం మొదటిసారి గాల్లోకి లేచే ముందు జరిగే ముఖ్యమైన పరీక్ష దాని తూకం. రెక్క ముందంచు నుంచి కొలిచి, రెండు వైపులా గీసుకున్న గుర్తుల కింద చూపుడువేళ్లు ఆనించి విమానాన్ని పైకెత్తుతారు. ముక్కు రవ్వంత కిందికి వాలి నిలిస్తే సరే. తోక దిగిపోతే మాత్రం ఎగరేయరు. బ్యాటరీని ముందుకు జరుపుతారు, లేదా ముక్కులో సీసం ముక్క అతికిస్తారు. తూకం నిలవాల్సిన చోటును ప్లాన్ల మీద ఒక చిన్న వృత్తంతో చూపడం ఆనవాయితీ. వృత్తాన్ని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలకు నలుపు నింపుతారు. రేడియో కంటే, పెట్రోలు ఇంజన్ కంటే, మనిషి ఎక్కి ఎగిరిన విమానం కంటే కూడా ఈ తూకం పాతది.

ఆ వృత్తం చూపేది గరిమనాభిని, అంటే విమానం బరువంతా ఏ బిందువు దగ్గర పనిచేస్తున్నట్టు లెక్కించవచ్చో ఆ బిందువును. మోడల్ విమానాలవాళ్లు దీన్ని సీజీ అనే అంటారు. కావడిలో ఒక వైపు బరువు ఎక్కువైతే మోసేవాడు బద్దను కాస్త జరుపుకుని భుజాన్ని ఆ వైపుకు తెచ్చుకుంటాడు. పూర్తయిన విమానంలో భుజంలాంటి రెక్క ఉన్నచోటు నుంచి కదలదు. అందుకని బరువులనే జరపాలి. అయితే నిశ్చలంగా నిలవడం ఒక్కటే ఇక్కడ లక్ష్యం కాదు. రెక్క, తోక రెండింటి ప్రభావాన్నీ కలిపి లెక్కిస్తే విమానానికి తటస్థ బిందువు ఒకటి తేలుతుంది. గాలి తాకిడికి ముక్కు లేచినప్పుడు అదనంగా పుట్టే ఎత్తుడు బలం ఆ బిందువు దగ్గర పనిచేస్తుంది. గరిమనాభి దానికి ముందుంటే ఆ బలం ముక్కును తిరిగి కిందికి దించుతుంది. వెనక ఉంటే ముక్కును ఇంకా పైకి తోస్తుంది. నేర్చుకునేవాడి వేళ్లు స్టిక్ మీద కదిలేలోపే విమానం వేగం కోల్పోయి కూలుతుంది.

ఈ సంగతిని చేతులతో మొదట పట్టుకున్నవాడు ఇంగ్లండులోని యార్క్‌షైర్‌కు చెందిన జార్జ్ కేలీ. 1804లో ఆయన సుమారు ఐదడుగుల కర్రకు గాలిపటాన్ని రెక్కగా కట్టి, వెనక శిలువ ఆకారపు తోక అమర్చి, ముందు వైపు జరపడానికి వీలున్న బరువు పెట్టాడు. బరువు జరిపితే గరిమనాభి జరుగుతుంది. తోకను కూడా కావలసిన కోణానికి తిప్పుకునే వీలుంది. కొండవాలు మీద నుంచి వదిలితే అది నేరుగా కిందికి జారుకుంటూ దిగేది. ఆధునిక విమానం ఆకారం, ముందు రెక్క వెనక తోకగా, తొలిసారి కనిపించింది ఈ బొమ్మలోనే అని చరిత్రకారులు చెబుతారు. జరిపే బరువు గురించి అంతగా ప్రస్తావన ఉండదు గాని, మోడల్ విమానాల చరిత్రకు అసలైన మొదలు అదే. లెక్కలు లేని కాలంలో తూకాన్ని ఎగరేసి చూసి, సవరించి, మళ్లీ ఎగరేసి తేల్చుకునే పద్ధతి ఆ బరువుతోనే వచ్చింది.

తరువాతి పెద్ద అడుగు ప్యారిస్‌లో పడింది. 1871 ఆగస్టు 18న ట్యూలరీ ఉద్యానవనంలో ఆల్ఫాన్స్ పెనో అనే యువకుడు 16 గ్రాముల బొమ్మ విమానాన్ని ఎగరేశాడు. రెక్క పొడవు 45 సెంటీమీటర్లు. మెలితిప్పిన రబ్బరు వెనకనున్న ప్రొపెల్లర్‌ను తిప్పింది. విమానం 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు సాగింది. దాన్ని అంత నిలకడగా ఉంచింది తోక. పెనో తోకను రెక్క కంటే 8 డిగ్రీలు తక్కువ కోణంలో అమర్చాడు. గరిమనాభి ముందుకు ఉన్నందువల్ల ముక్కు దిగాలని చూస్తుంది. తోక వెనక భాగాన్ని కిందికి నొక్కి దాన్ని ఆపుతుంది. వేగం పెరిగితే తోక నొక్కుడూ పెరిగి ముక్కు లేస్తుంది, తగ్గితే ముక్కు దిగి వేగం తిరిగొస్తుంది. నడిపేవాడు లేకుండానే విమానం తనను తాను సరిదిద్దుకుంటుంది. ఇప్పటి శిక్షణ మోడళ్లలో చాలావాటి తూకం ఈ సూత్రం మీదే నిలుస్తుంది. 30 ఏళ్లు దాటిన కొద్దికాలానికే, 1880లో, పెనో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన చేసిన పని విలువ లోకానికి పూర్తిగా తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

మనుషులు ఎగరడం మొదలుపెట్టాక తూకం ప్రాణాల మీదికి వచ్చింది. జర్మనీలో ఒటో లిలియెంటాల్ తన గ్లైడర్ల కింద వేలాడుతూ, కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపి గరిమనాభిని జరిపేవాడు. శరీరమే అక్కడ జరిపే బరువు. 1896 ఆగస్టు 9న గాలి తాకిడికి ముక్కు లేచి గ్లైడర్ నిలిచిపోయినప్పుడు ఆ బరువు చాలలేదు. ఆయన మర్నాడు చనిపోయాడు. రైట్ సోదరులు ముక్కును ఎత్తి దించే పలకను, అంటే ఎలివేటర్‌ను, ముందు పెట్టుకున్నారు. వాళ్ల 1903 ఫ్లయర్‌లో గరిమనాభి ఉండాల్సిన దాని కంటే బాగా వెనక ఉంది. అందుకే ఆ డిసెంబరు 17 నాటి ఎగురుడు పడిలేస్తూ సాగింది. 1904లో డేటన్ దగ్గరి హఫ్‌మన్ ప్రెయిరీలో ముక్కు వైపు సుమారు 70 పౌండ్ల ఇనుము కట్టాక ఆ ఊగిసలాట తగ్గింది. ఈనాడు కొత్తవాళ్లు అతికించే సీసం ముక్కా, ఆ ఇనుమూ చేసే పని ఒక్కటే.

సిద్ధాంతం వెనక నుంచి వచ్చింది. 1911లో గణితజ్ఞుడు జార్జ్ హార్ట్లీ బ్రయాన్ విమాన స్థిరత్వం మీద గ్రంథం ప్రచురించి, విమానపు కదలికలకు సమీకరణాలు ఇచ్చాడు. తరువాత ఫార్న్‌బరోలో పరిశోధన చేసిన సిడ్నీ బారింగ్టన్ గేట్స్ గరిమనాభికీ తటస్థ బిందువుకూ మధ్య దూరాన్ని రెక్క వెడల్పులో వంతుగా చెప్పే కొలతను వాడుకలోకి తెచ్చాడు. దాన్నే స్టాటిక్ మార్జిన్ అంటారు. చేతి పరీక్షకు మొదటిసారి అంకె దొరికింది.

మోడళ్లవాళ్లు ఈ లెక్కలకోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. రబ్బరు మోటారు మోడళ్లలో రెక్కను రబ్బరు బ్యాండ్లతో కర్రకు కట్టి, తూకం కుదిరేదాకా దాన్నే ముందుకూ వెనక్కూ జరిపేవాళ్లు. 1930ల్లో బ్రౌన్ జూనియర్ వంటి చిన్న పెట్రోలు ఇంజన్లు వచ్చాయి. ఆ ఇంజన్లకు నిప్పురవ్వ కావాలి, రవ్వకు కాయిల్, కాయిల్‌కు బ్యాటరీలు కావాలి. ఈ బరువంతా మోయక తప్పదు గనక దాన్నే తూకానికి వాడుకున్నారు. వదిలాక ఎవరూ సరిదిద్దలేని విమానాలవి. తప్పు తూకంతో వదిలితే నెలల తరబడి చేసిన పని నిమిషంలో పోయేది.

రేడియో ఆ పరిస్థితిలోకి వచ్చింది. 1937లో అమెరికా జాతీయ పోటీలు డెట్రాయిట్‌లో జరిగినప్పుడు మొదటిసారి రేడియో కంట్రోల్ విభాగం పెట్టారు. చెస్టర్ లాంజో గెలిచాడు. అదే కాలంలో మిషిగన్‌లోని కాలమజూలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు రేడియోతో నడిచే గఫ్ అనే విమానాన్ని తయారుచేశారు. ఎనిమిదడుగుల రెక్క ఉన్న ఈ మోడల్ 1940 జాతీయ పోటీల్లో గెలిచింది. ఇప్పుడది స్మిత్సోనియన్ సంస్థ సేకరణలో ఉంది. రెక్క అంత పెద్దదిగా ఉండటానికి కారణం బరువు. వాల్వు రిసీవర్‌కు ఒక బ్యాటరీ ఫిలమెంట్ వెలిగించడానికి, మరొకటి ప్లేటు వోల్టేజికి కావాలి. మోడల్ విమానాల కోసమే రేథియాన్ కంపెనీ 1938లో తెచ్చిన ఆర్‌కే-61 వాల్వుకు కూడా 45 వోల్టుల బ్యాటరీ కావలసివచ్చింది. వాటిని ఎక్కడ అమర్చారన్నదాని మీదే తూకం ఆధారపడేది.

ఆ రోజుల యంత్రాంగంలో ఎక్కువ భాగం విమానాన్ని పక్కలకు తిప్పే రడ్డర్ ఒక్కదాన్నే కదిలించేది. మెలితిప్పిన రబ్బరుతో తిరిగే ఎస్కేప్‌మెంట్ అనే పరికరం విమానంలో ఉండేది. ట్రాన్స్‌మిటర్ మీద మీట నొక్కితే రడ్డర్ ఒక పక్కకు, వదిలితే మధ్యకు, మళ్లీ నొక్కితే రెండో పక్కకు పోయేది. ముక్కు ఎత్తడానికి, దించడానికి నడిపేవాడి చేతిలో ఏమీ లేదు. ఆ పనంతా గరిమనాభి, తోక కోణం కలిసి చూసుకోవాలి. రేడియో మోడళ్ల చరిత్రలో తూకానికి ఇంతకంటే బాధ్యత ఎప్పుడూ పడలేదు. మధ్య భాగం పైన అమర్చిన రెక్క, కొసలు పైకి లేచిన రెక్కల జత, పొడవైన తోక వంటి లక్షణాలు నేటి శిక్షణ మోడళ్లలో కనిపించడం ఆ కాలపు వారసత్వమే.

1960ల్లో ట్రాన్సిస్టర్లు, స్టిక్ ఎంత కదిపితే అంతే కదిలించే ప్రొపోర్షనల్ రేడియోలు వచ్చి ఎలివేటర్ కూడా చేతికి అందింది. అప్పుడు దారి రెండుగా చీలింది. 1967లో కోర్సికాలో ప్రపంచ ఛాంపియన్ అయిన ఫిల్ క్రాఫ్ట్ వంటి విన్యాసాల నిపుణులకు తిరుగుబాటు చూపని, తేలిగ్గా పల్టీలు కొట్టే విమానం కావాలి. అలాంటివారు గరిమనాభిని వెనక్కి జరిపారు. నేర్చుకునేవాళ్ల విమానాల్లో అది ముందే ఉండిపోయింది. రెక్క వెడల్పులో 25 నుంచి 33 శాతం దగ్గర ఉంచాలన్న నియమం ఆ చీలికలో కొత్తవాళ్ల వైపున నిలిచిన అంకె. 200 మిల్లీమీటర్ల వెడల్పున్న దీర్ఘచతురస్ర రెక్కకు అది ముందంచు నుంచి 50-66 మిల్లీమీటర్ల మధ్య వస్తుంది. మొదటి ఎగురుడుకు 50కి దగ్గరగా ఉంచడమే మేలు. ముక్కు బరువైన విమానం మొండిగా ఎగురుతుంది; తోక బరువైనది సరిగా ఎగరనే ఎగరదు.

బాల్సా కర్రతో కట్టిన కాలంలో తూకం కట్టుబడి దశలోనే మొదలయ్యేది. బాల్సాలో తేలిక పలకకూ బరువు పలకకూ రెట్టింపు కంటే ఎక్కువ తేడా ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లు తేలిక పలకలను ఏరి తోకకు కేటాయించేవాళ్లు. గరిమనాభికి 600 మిల్లీమీటర్ల వెనక, తోకలో జిగురు, రంగు కలిసి 10 గ్రాములు పెరిగితే, ముక్కు దాకా దూరం 200 మిల్లీమీటర్లే గనక అక్కడ 30 గ్రాములు చేర్చాలి. తోకలో మిగిల్చిన ఒక గ్రాము మొత్తం విమానంలో నాలుగు గ్రాములు తగ్గిస్తుంది. భారతదేశంలో ఎన్‌సీసీ వాయు విభాగం క్యాడెట్లకు ఏరోమోడలింగ్ శిక్షణలో భాగం గనక, ఈ లెక్క బాల్సాతో పాటే మన యువతకూ చేరింది. గ్లో ఇంజన్ విమానాలకు మరో జాగ్రత్త తోడైంది. ట్యాంకు ముక్కులో ఉంటుంది. ఇంధనం ఖర్చవుతున్నకొద్దీ గరిమనాభి వెనక్కి జరుగుతుంది. అందుకని తూకం చూసేది ఖాళీ ట్యాంకుతోనే. ఈ సమస్య ఎంత పెద్దదో మేనార్డ్ హిల్ బృందం 2003 ఆగస్టులో న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లండుకు పంపిన మోడల్ చూపింది. ఐదు కిలోల లోపు బరువుతో బయల్దేరిన ఆ విమానంలో దాదాపు సగం ఇంధనమే. అంత ఇంధనం 38 గంటల పైచిలుకు ప్రయాణంలో కరిగిపోతున్నా తూకం చెడకూడదంటే, ట్యాంకును గరిమనాభికి ఆనుకుని అమర్చాలి.

ఎలక్ట్రిక్ మోటార్లు, లిథియం పాలిమర్ బ్యాటరీలు ఈ పని సులువు చేశాయి. బ్యాటరీ ఖర్చయినా దాని బరువు తగ్గదు. కిలో బరువున్న విమానంలో 180 గ్రాముల బ్యాటరీని 20 మిల్లీమీటర్లు ముందుకు జరిపితే గరిమనాభి సుమారు 3.6 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది. వెల్క్రో పట్టీ విప్పి జరిపితే చాలు, సీసం అక్కర్లేదు. జరిపాక బ్యాటరీ నిలిచిన చోటున పెట్టె అడుగున గీత గీసుకోవడం మంచి అలవాటు. మర్నాడు ఆ గీత లేకపోతే తూకం మళ్లీ మొదటి నుంచీ చూడాలి. ఈమధ్య విమానం ఊగడాన్ని పసిగట్టే జైరో, ఆటోమేటిక్ స్టెబిలైజేషన్ ఉన్న రిసీవర్లు శిక్షణ మోడళ్లలోనూ వస్తున్నాయి. ఇవి తోక బరువును కొంతవరకు కప్పిపుచ్చగలవు. అయితే ఎలివేటర్ కదలికకు హద్దు వచ్చినప్పుడు, లేదా జైరో ఆపినప్పుడు, తప్పు తూకం ఒక్కసారిగా బయటపడుతుంది. అందుకే ఈ రిసీవర్లున్న విమానాల మాన్యువల్‌లోనూ గరిమనాభి కొలత ఇస్తున్నారు, వేళ్ల మీద తూకం సరిచూసుకున్నాకే మొదటిసారి ఎగరేయమంటున్నారు.