మేనరికమును పరిశుద్ధ గ్రంథమును

మన నారాయణఖేడ్ ప్రాంతములో వివాహ ప్రకటన చదివిన ఆదివారమున ఎవరో ఒక పెద్ద మమ్మును ప్రక్కకు పిలుచుట పరిపాటి. "అయ్యగారూ, పిల్ల వానికి సొంత అక్క బిడ్డ. బైబిలు ఒప్పుకుంటదా?" అని అడుగుదురు. ఈ ప్రశ్న మన యొద్ద పుట్టినది కాదు. దాని వయస్సు రెండు వేల యేండ్లకు పైమాటే.

లేవీయకాండము 18వ అధ్యాయము మేనత్తను, తల్లి సహోదరిని చేసికొనరాదని విధించినది. అక్క కుమార్తె మాట అందులో లేదు. వ్రాయబడని దానిని అనుమతి అనుకొనవలెనా, నిషేధమనుకొనవలెనా? యూదులలోనే రెండు పక్షములు ఏర్పడెను. తల్ముదులోని పండితులు సహోదరి కుమార్తెను వివాహమాడిన వానిని మెచ్చుకొనిరి. కైరోలోను, తరువాత కుమ్రాను గుహలలోను దొరికిన దమస్కు గ్రంథము మాత్రము దానిని ఖండించినది. పురుషులను ఉద్దేశించి వ్రాసిన విధి స్త్రీలకును వర్తించును గనుక, మేనల్లునికి మేనత్త కూడనియెడల మేనమామకు మేనకోడలును కూడదని దాని వాదము. ఇదే బలమైన వాదమని మాకు తోచుచున్నది.

ఇంగ్లాండులో 1563లో ఆర్చిబిషప్ పార్కర్ సిద్ధపరచిన పట్టికయు మేనకోడలిని నిషేధించినది. బావామరదళ్ల జోలికి పోలేదు. రోమను సంఘము అంతకంటె కఠినము. 1215లో జరిగిన లాతరను మహాసభ నిషేధమును ఏడవ తరము నుండి నాలుగవ తరమునకు తగ్గించినది. 1983 నాటి ధర్మశాస్త్ర సంహిత ప్రకారము బావామరదళ్లకును పీఠాధిపతి మినహాయింపు కావలెను. మన కతోలిక బంధువుల ఇండ్లలో ముహూర్తము కంటె ముందు ఆ ఉత్తరము కొరకు ఎదురుచూచుట అందుకే.

అసలు చిక్కు ఇంగ్లీషు వారి 'కజిన్' అను మాటలో ఉన్నది. మనకు మేనమామ కొడుకు బావ, పెదనాన్న కొడుకు అన్న. వారికి ఇద్దరును ఒకటే. యాకోబు మేనమామయైన లాబాను కుమార్తెలను చేసికొనెనని చదివినప్పుడు మన స్త్రీలు తలలూపుదురు. సంఖ్యాకాండము 36లో సెలోపెహాదు కుమార్తెలు తమ తండ్రి అన్నదమ్ముల కుమారులను పెండ్లాడిరని చదువగా, "అన్న గదయ్యా!" అని నోరు మూసికొందురు. మన ముస్లిము ఇరుగుపొరుగు వారికైతే ఇది వింత కాదు.

ప్రభుత్వ చట్టము ఈ చిక్కు తీర్చునా? 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము కూడని వరుసల పట్టిక ఇవ్వలేదు. ఎవరి వ్యక్తిగత ధర్మము నిషేధించిన వివాహము వారికి చెల్లదని 88వ సెక్షనులో చెప్పి ఊరకుండెను. కాబట్టి ప్రశ్న తిరిగి మన గుమ్మమునకే వచ్చినది.

చేసికొనబోవు వారికి మేము వద్దనియే చెప్పుచున్నాము. అయితే ముప్పది యేండ్లుగా కాపురము చేయుచున్న మేనమామ, మేనకోడలు మా యొద్దకు వచ్చి, "మేము పాపములో ఉన్నామా?" అని అడుగుట కలదు. వారికి మేము నిర్గమకాండము 6:20 తీసి చూపుదుము. మోషే తండ్రియైన అమ్రాము చేసికొన్న యోకెబెదు అతని మేనత్తయే.