ఆయిల్ సీల్ తారీఖ్

తారీఖ్ అంటే నవాబులదీ, జంగులదీ అనుకుంటాం. మెకానిక్ షెడ్డులో నల్లబడిన చేతులతో రోజీ సంపాదించి మనల్ని చదివించిన వాళ్లకూ ఒక తారీఖ్ ఉంది.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. దారిలో అడవి కూడా ఉంది. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ ఏడే ఖమ్మంలో కలిసింది. 1965లో గోదావరి మీద వంతెన పడ్డాక బండ్లు నేరుగా అవతలి ఒడ్డుకు పోసాగాయి. అడవిలో బండి ఆగితే కబురు ఉస్తాద్‌కే వచ్చేది.

ఆ జమానా బండ్లకు ఆయిల్ కారడం మామూలే. పాత జీపుల్లో క్రాంక్ షాఫ్ట్ వెనక తాడులాంటి ప్యాకింగ్ ఉండేది. 1489 సీసీ అంబాసిడర్‌కు అదీ లేదు. షాఫ్ట్ మీది మరలాంటి గాట్లే ఆయిల్‌ను లోపలికి మళ్లించేవి. జర్మనీలో ఫ్రాయిడెన్‌బర్గ్ అనే తోళ్ల కార్ఖానా 1929 ప్రాంతంలోనే రేకు చట్రంలో తోలు బిగించి సీలు చేసింది. 1930లలో తోలు జాగాలో సింథటిక్ రబ్బరు వచ్చింది. మన షెడ్లకు ఆ రబ్బరు సీలు తర్వాతి బండ్లతో చేరింది.

సీలు చిన్నదే, మెహనత్ పెద్దది. ఆయిల్ క్లచ్ ప్లేటుకు అంటితే బండి ఎత్తు ఎక్కదు. గేర్‌బాక్స్ దించాలి, క్లచ్, ఫ్లైవీల్ విప్పాలి. షాఫ్ట్ మీద గీత పడకుండా పాత సీలు లాగాలి. కొత్తదాని పెదవికి ఆయిల్ రాసి, ఆ పెదవి ఇంజన్ వైపు ఉండేలా పెట్టి, చుట్టూ సమంగా దించాలి.

అసలు హునర్ మాత్రం వీటన్నిటికంటే ముందే ఉంది. బ్రీదర్ పైపు మూసుకుపోతే లోపలి ఒత్తిడికి మంచి సీలు కూడా కారుతుంది. షాఫ్ట్ మీద గాడి పడితే కొత్త సీలూ నిలవదు. అందుకే మా అబ్బా పానా పట్టేముందు బ్రీదర్ పైపు విప్పి, ఊది చూసేవారు. ఒక్కోసారి అంతటితోనే పని అయిపోయేది. గేర్‌బాక్స్ దించితే వచ్చే మజూరీ పోయిందని అమ్మీ అంటే, "గిరాకీ బండి అమానత్" అనేవారు.

ఈ ఇల్మ్ ఆయన కితాబుల్లో చదివింది కాదు. ఉస్తాద్ చేతి నుంచి షాగిర్ద్ చేతికి వచ్చింది. ఇప్పుడు షాగిర్ద్‌లు తగ్గారు, బుజుర్గ్‌లు వెళ్లిపోతున్నారు. మా అబ్బా చెప్పినవాటిలో నేను రాసిపెట్టుకున్నది ఇంతే. మీ ఇంట్లో అలాంటి చేతులు ఇంకా ఉంటే, ఈ రోజే పక్కన కూర్చుని అడగండి, రాసుకోండి.