ప్రోబయోటిక్ మందులు

తగిన మోతాదులో తీసుకుంటే ఒంటికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు ప్రోబయోటిక్స్. ఇవి క్యాప్సూళ్లుగా, పొడి ప్యాకెట్లుగా దొరుకుతాయి. చిత్తూరు జిల్లా రామకుప్పం ప్రాంతపు పల్లెల్లో రాత్రి మిగిలిన రాగిసంగటిని నీళ్లలో వేసి ఉంచి, పొద్దున మజ్జిగలో పిసికి ఎర్రగడ్డ నంజుకుంటూ తాగుతారు. ఆ చద్దిలోనూ బ్యాక్టీరియా ఉంటుంది. ఏ రకమో, ఎంతో తేలనిది కాబట్టి శాస్త్రం దాన్ని ప్రోబయోటిక్ అనదు. ఆహారంగా మాత్రం మంచిదే.

మేలు ఆ సూక్ష్మజీవి రకాన్ని బట్టి ఉంటుంది. ఒడిశా పల్లెల్లో నాలుగున్నర వేల మందికి పైగా నవజాత శిశువులపై పినాకి పాణిగ్రాహి బృందం జరిపిన పరిశోధన 2017లో 'నేచర్' పత్రికలో వచ్చింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ను, దానికి మేతగా ఒక పీచు చక్కెరను కలిపి 7 రోజులు పట్టించారు. మొదటి 60 రోజుల్లో సెప్సిస్ (ఒళ్లంతా ప్రభావం చూపే తీవ్ర ఇన్ఫెక్షన్) లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. ఇది గొప్ప ఫలితం. అయితే వాళ్లు తల్లిపాలు తాగే, తగినంత బరువున్న బిడ్డలు. దీన్ని చూపి మరో రకం పొడిని అమ్మడం తప్పు.

ఆరోగ్యవంతులకు కడుపుబ్బరం మించి ఇబ్బంది అరుదు. రోగనిరోధక శక్తి సన్నగిల్లినవారికి, గుండె దగ్గరి పెద్ద రక్తనాళంలో గొట్టం అమర్చినవారికి ఆ సూక్ష్మజీవులే రక్తంలో చేరే ముప్పుంది. నెలలు నిండని శిశువుల విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరించింది. నెదర్లాండ్స్‌లో తీవ్ర క్లోమవాపు రోగులపై జరిపిన పరీక్షలో ప్రోబయోటిక్ ఇచ్చినవారిలో 16 శాతం, ఇవ్వనివారిలో 6 శాతం చనిపోయారు.

పిల్లలకు విరేచనాలైతే ముందు పట్టాల్సింది ప్రోబయోటిక్ కాదు; ఓఆర్ఎస్, ఆపై జింక్.