గ్రీకు, లాటిను గ్రంథములు – మాటను వెదకి యిచ్చు యంత్రములు

ఒక ప్రాచీన గ్రంథములో ఒకానొక పదము ఎన్ని చోట్ల వచ్చినదో చెప్పుమనినచో, ఆ గ్రంథము కంఠస్థమైన పండితుడు కొంతవరకు చెప్పగలడు. తక్కినవారు మొదటి పుట నుండి కడపటి పుట వరకు వ్రేలుపెట్టి చూచుకొనవలసినదే. సంవత్సరము తెలియక పాత చిట్టాలలో ఒక్క పద్దు కొఱకు వెదకినవారికి ఈ కష్టమును వర్ణించి చెప్పనక్కరలేదు.

ఐరోపా పండితులు శతాబ్దములుగా ఈ కష్టముతో పెనుగులాడిరి. 1572లో హెన్రీ ఎస్టియెన్ అను ముద్రాపకుడు గొప్ప గ్రీకు భాషాకోశమును ప్రకటించెను. వెల హెచ్చగుటచే కొనువారు తక్కువైరి. ఇంతలో ఆయన కొలువులోనే యుండిన స్కాపులా అనువాడు దానిని కుదించి 1579లో చౌకగా నమ్మగా, ఎస్టియెన్ మిక్కిలి నష్టపోయెను. స్కాపులా చేసినది ద్రోహమే. అయినను బీద విద్యార్థుల చేతికి అందినది అతని పుస్తకమే యనుటయు నిజము. లాటిను భాషకై 1894లో జర్మను పండితులు మహాకోశమునకు పూనుకొని, మ్యూనిక్ నగరమున సుమారు కోటి చీటీలు కూడబెట్టిరి. ఆ కోశము నేటికిని పూర్తి కాలేదు.

ఈ పనికి యంత్రమును పిలిచినవాడు రోబెర్టో బూసా అను ఇటలీ దేశపు క్రైస్తవ సన్న్యాసి. ఆయన పరిశోధించినది ప్రాచీన రోమను కవులను కాదు. 13వ శతాబ్దమున థామస్ అక్వినాస్ లాటినులో రచించిన తత్త్వగ్రంథములను. వానిలో భగవత్సన్నిధిని గూర్చిన భావమును విచారింపబోగా, ‘లో’ అను అర్థమిచ్చు ‘ఇన్’ అను చిన్న మాటయే కీలకమని ఆయనకు తోచెను. ఆ మాట వచ్చిన వాక్యములను 10,000 చీటీలపై స్వహస్తముతో వ్రాసికొనెను. ఒక్క మాటకే ఇంత శ్రమయైనచో గ్రంథములన్నిటికి ఎంత కావలెను? 1949లో ఆయన అమెరికాకు పోయి ఐ.బి.ఎం. సంస్థ అధిపతియైన వాట్సనును కలిసికొని సాయము సంపాదించెను. అంతట ఇటలీలోని గల్లరాతే పట్టణమున, లాటిను రాని యువతులు అనేకులు అట్టకార్డులపై రంధ్రములు పొడుచుచు కోటికి పైబడిన పదములను యంత్రమున కెక్కించిరి. 1974 మొదలు 1980 వఱకు ఆ పదసూచిక 56 సంపుటములుగా అచ్చయ్యెను. బూసా పేరు లోకమంతట మ్రోగినది. ఆ యువతుల పేర్లు ఇటీవలి పరిశోధకులు శ్రమించి వెదకువఱకు ఎవరికిని పట్టలేదు.

గ్రీకు భాషకు అట్టి భాండాగారము 1972లో, ఎస్టియెన్ కోశము వెలువడిన సరిగా 400 ఏండ్లకు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైన్ శాఖలో ఆరంభమయ్యెను. మేరియన్ మెక్‌డొనాల్డ్ అను విద్యార్థిని ఈ యూహ చేసి, పది లక్షల డాలర్ల విరాళము నిచ్చెను. థియొడోర్ బ్రన్నర్ దానికి మొదటి సంచాలకుడు. నాటి కంప్యూటర్లకు గ్రీకు లిపి తెలియదు. డేవిడ్ పాకర్డ్ అను పండితుడు ఇంగ్లీషు అక్షరములతోనే గ్రీకును వ్రాయు సంకేతమును కల్పించెను. తీటాకు క్యూ, ఒమేగాకు డబ్ల్యూ, స్వరచిహ్నములకు ఏటవాలు గీతలు, కుండలీకరణములు. చూచుటకు వికారముగా నున్నను ఆ సంకేతము పనిచేసినది. నేడు ఆ భాండాగారములో హోమరు మొదలుకొని బైజాంటియం పతనము దాటిన కాలము వఱకు 11 కోట్లకు పైగా పదములు గలవు.

అయితే అక్షరములు దొరకినంతనే మాట దొరకదు. తెలుగున ‘వచ్చు’ అని వెదకిన యంత్రమునకు ‘రమ్ము’ అగపడదు గదా! గ్రీకునను అంతే. ‘చెప్పుచున్నాను’ అనుటకు ‘లేగో’, ‘చెప్పితిని’ అనుటకు ‘ఏయిపోన్’. రెండును ఒక్క మాటకు చెందిన రూపములని పైచూపునకు తోచదు. అందుచే ప్రతి రూపమును దాని మూలపదముతో ముడివేయు వ్యాకరణమును గూడ యంత్రమునకు నేర్పవలసివచ్చెను. గ్రెగరీ క్రేన్ అను పండితుడు హార్వర్డులో 1980ల నడుమ తలపెట్టిన ‘పెర్సియస్’ గ్రంథాలయము ఇందు విశేష కృషి చేసినది.

ఇక్కడ ఒక లోపమును దాచరాదు. చేతివ్రాత ప్రతులలో పాఠభేదము లుండును. అచ్చు గ్రంథముల అడుగున పండితులు వానిని చూపుదురు. ఇర్వైన్ వారు ఒక్కొక్క గ్రంథమునకు ఒక్క ముద్రణమునే గైకొని, అడుగు సూచికలను విడిచిరి. కావున యంత్రము ‘ఈ మాట లేదు’ అనినప్పుడు, ఆ ముద్రణములో లేదనియే గ్రహింపవలెను. వేఱొక ప్రతిలో నుండవచ్చును. నశించిన గ్రంథములలో ఎన్ని యుండెనో! లెక్క తప్పని యంత్రమైనను ఎక్కించని పద్దును కూడలేదు.

ఇక వెల మాట. ఇర్వైన్ భాండాగారమును సంపూర్ణముగా చూడగోరువారు చందా చెల్లింపవలెను. ఉచితముగా కొంతభాగమే లభించును. పెర్సియస్ అట్లు గాక, ప్రస్తుతము టఫ్ట్సు విశ్వవిద్యాలయమున నుండి, 1995 మొదలు ఇంటర్నెట్టులో అందఱకు తెరచియున్నది. ఇలియడ్డులోని ఏ పదముపై నొక్కినను దాని మూలరూపమును, విభక్తిని, నిఘంటువులోని అర్థమును చూపును. ఇంగ్లీషు కొంత చదువగలిగి, గురువు దొరకని పల్లెటూరి పాఠకుడు సయితము సెల్‌ఫోనులో మొదటి పాదము విప్పుకొని, ఒక్కొక్క మాటగా ముందునకు సాగవచ్చును.